కొత్తగా కొన్న నాలుగు పంక్, ఇండీ రికార్డులు: నా అభిప్రాయాలు

మూసీగట్టు:
మూడు నెలల్లో నాలుగు రికార్డులు తెప్పించాను. పంక్ అంటే వేగంగా, కోపంగా వాయించే రాక్; ఇండీ అంటే పెద్ద కంపెనీల మీద ఆధారపడకుండా సొంతంగానో, చిన్న లేబుల్‌ (రికార్డులు వేసే కంపెనీ) తోనో వేసుకునే సంగీతం. తిట్టేవాళ్లు తీరిగ్గా తిట్టండి.

రామోన్స్ మొదటి ఆల్బమ్ (1976). 14 పాటలు, మొత్తం 29 నిమిషాలు. మా ఇంట్లో అందరూ భరించింది ఇదొక్కటే, తొందరగా అయిపోతుంది కాబట్టి.

బజ్‌కాక్స్ 'స్పైరల్ స్క్రాచ్' (1977). నాలుగే పాటలు. 500 పౌండ్లు అప్పు తెచ్చి, మొదట వెయ్యి కాపీలు సొంతంగా వేయించుకున్నారు. ఏ పాట ఎన్నో టేకో కూడా అట్ట మీద రాసేశారు. నాకు అదే నచ్చింది.

జాయ్ డివిజన్ 'అన్‌నోన్ ప్లెజర్స్' (1979). వాన కురిసే రాత్రి వినాలంటారు. నల్గొండలో వాన కోసం ఆగితే ప్లేయర్ సూది తుప్పు పడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం పెట్టాను, అయినా ఒళ్లు చల్లబడింది.

క్లాష్ 'లండన్ కాలింగ్' (1979). ఇండీలో దీన్ని మించింది లేదు.

క్యాసెట్‌కొట్టు:
లండన్ కాలింగ్ ఇండీ ఎట్లా అవుతుంది? అది సీబీఎస్ అనే పెద్ద రికార్డు కంపెనీ వాళ్లది. 1977 జనవరిలోనే లక్ష పౌండ్లకు సంతకం పెట్టారు. తెలియకపోతే రాయొద్దు.

పాలమూరుపోరడు:
అన్నా, నాలుగింటికీ కలిపి ఎంతయింది?

మూసీగట్టు:
11,000 దాటింది తమ్మీ.
క్యాసెట్‌కొట్టు గారూ, లేబుల్ పెద్దదే. కానీ వాళ్లు ఆ కంపెనీతోనే కొట్లాడి, రెండు రికార్డులున్న ఈ ఆల్బమ్‌ను ఒక్కదాని ధరకు అమ్మించారు. నా లెక్కలో ఇండీ అంటే అదీ.

పాలమూరుపోరడు:
మరి మీకు ఒక్కదాని ధరకే ఇచ్చారా?

మూసీగట్టు:
లేదు.

దేవరకొండ_డీజే:
😂😂

పాలమూరుపోరడు:
నవ్వకండి. నేను మే నెలలో ఒకటి తెప్పించుకున్నా. డెలివరీ వ్యానులో ఎండకు మెత్తబడి అప్పడం లెక్క వంగి వచ్చింది. వాపసు తీసుకోమంటే 'వాడిన వస్తువు' అన్నారు. వంగినదాన్ని ఎట్ల వాడుతారో చెప్పలేదు. 2,600 పోయినయి. అదే పాట ఫోన్‌లో ఊరికే వస్తుంది. రికార్డులు కొనేవాళ్లకు ఎండాకాలం అంటే ఏందో తెలియదు, అంతే.

క్యాసెట్‌కొట్టు:
సీబీఎస్ ఇండీ కాదు. ముందు అది ఒప్పుకోమనండి.
ఇంకో మాట. మన జిల్లా సుద్దాల హనుమంతు గొల్ల సుద్దుల బాణీలో నిజాం మీద పాటలు కట్టి ఊరూరా పాడారు. ఆయనకు ఏ లేబుల్ ఉంది? ఏ అట్ట ఉంది? సొంత ఊరి పాట వదిలేసి లండన్ వాళ్ల కోపాన్ని 11,000 పెట్టి కొనుక్కుంటారు.

మూసీగట్టు:
హనుమంతు పాట విన్నవాడు క్లాష్ వినకూడదని ఎక్కడుంది? మా పెద్దనాన్న ఆ పాటలు పాడితే వింటూ పెరిగాను. ఇవి వింటున్నప్పుడు కూడా ఆయనే గుర్తొస్తాడు. రాగం రాకపోయినా ఆగేవాడు కాదు.

మిర్యాలగూడ_67:
సుద్దాల ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. సరిచూసుకోండి.

క్యాసెట్‌కొట్టు:
అప్పుడు నల్గొండ జిల్లానే. మధ్యలో రాకు.

మూసీగట్టు:
అసలు మీ బాధేంటి సార్? నా డబ్బు, నా ప్లేయర్. నెల రోజుల నుంచి నేను ఏం రాసినా కింద మీ కామెంటే.

క్యాసెట్‌కొట్టు:
చెప్తా విను. గడియారం సెంటర్ దగ్గర క్యాసెట్ల కొట్టు, 1996. నువ్వు డిగ్రీ చదివేవాడివి. ఎర్ర సైకిల్. మొన్న నువ్వు ఇక్కడ పెట్టిన పాత ఫోటో చూసి గుర్తుపట్టిన. వారం వారం వచ్చి గంటసేపు నిలబడేవాడివి. ఒక్క ఒరిజినల్ కొన్నావా? అన్నీ ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించుకున్నవే, 30 రూపాయలకు. నువ్వొక్కడివే కాదు, ఊరంతా అంతే. 2003లో షట్టర్ దించేసిన. ఇప్పుడు ఎక్కడో ఉన్న సైటుకు 11,000 పంపి, చిన్న లేబుళ్ల గొప్పతనం గురించి నాకు చెప్తున్నవ్. చిన్నది అంటే నా కొట్టు కాదా?

దేవరకొండ_డీజే:
అమ్మో.

పాలమూరుపోరడు:
కాపీ చేసి ఇచ్చింది మీరే కదన్నా?

క్యాసెట్‌కొట్టు:
నేను చేయకపోతే పక్క కొట్టువాడు చేసేవాడు.

మూసీగట్టు:
అన్నా, మీరా! అప్పుడు నా దగ్గర ఆ 30 ఉండటమే ఎక్కువ. అబద్ధం చెప్పను, ఉన్న రోజుల్లో కూడా కొనలేదు. అది నిజమే.
కానీ ఈ రికార్డు ఎందుకు కొన్నానో వినండి. ఆబిడ్స్ నుంచి ఎవరో తెచ్చిన లండన్ కాలింగ్ మీరే ఎక్కించి ఇచ్చారు. ఆల్బమ్ 65 నిమిషాలు, మీరు వేసింది సీ-60, అంటే 60 నిమిషాల క్యాసెట్. చివర్లో 'రెవల్యూషన్ రాక్' మధ్యలో తెగిపోయేది. అదే ఆఖరి పాట అనుకున్నాను. దాని తర్వాత 'ట్రెయిన్ ఇన్ వెయిన్' ఉంది. మొదట అట్ట మీద దాని పేరు కూడా వేయలేదట. ఇన్నేళ్లూ అలాంటి పాట ఒకటి ఉందనే నాకు తెలియదు. మొన్న సూది అక్కడిదాకా వెళ్లి ఆగకుండా పాడుతుంటే లేచి నిలబడ్డాను.

క్యాసెట్‌కొట్టు:
సీ-90 అయితే ఇంకో పది రూపాయలు అవుతుందన్నా. సీ-60 చాలు అన్నది నువ్వే.

మూసీగట్టు:
అన్నానా?

క్యాసెట్‌కొట్టు:
అన్నవ్. సీబీఎస్ మాత్రం ఇండీ కాదు.

పాలమూరుపోరడు:
వంగిన రికార్డును రెండు గాజు పలకల మధ్య పెట్టి బరువు వేస్తే సాపు అవుతుందంటున్నారు. ఎవరైనా చేసి చూశారా? నాది ఇంకా బీరువా మీదనే ఉంది.