ఇంజన్ నంబరు ప్లేటు కలిసింది, రివెట్టు మాత్రం కొత్తది. అంబాసిడర్ ఇంజన్ మార్చినట్టేనా?

పాతబండి: మాది 1972 అంబాసిడర్ మార్క్ 2, నాన్నది. పెట్రోలు, 1489 సీసీ. యాభై ఏళ్లు దాటింది కాబట్టి 2021లో వచ్చిన వింటేజ్ రూలు కింద పాతబండ్లకిచ్చే "వీఏ" రిజిస్ట్రేషన్ నంబరుకి పెడదామని చూస్తున్నా. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదట. డైనమో పైన, బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ) కుడి పక్కన ఉన్న ప్లేటు మీది ఇంజన్ నంబరు సీ బుక్కుతో పొల్లు పోకుండా కలిసింది. కానీ ప్లేటుకున్న రెండు రివెట్లలో ఒకటి బ్లాకు రంగులో కలిసిపోయింది, రెండోది తెల్లగా మెరుస్తోంది, తల పక్కకి నలిగింది. 90ల్లో నాన్న ఏదో "ఇంజన్ పని" చేయించినట్టు గుర్తు. ఇది అసలు ఇంజనేనా?

షెడ్డు మేస్త్రి: నంబరు కలిసిందిగా బాబూ, ఇంకేం కావాలి? నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, ఆ ప్రింట్ ఫైల్లో పెట్టు.

కొలతల సూరి: నంబరు కలవడం కాదండీ, ఆ నంబరు దేనిమీద ఉందో చూడాలి. అది బ్లాకు లోహం మీద కొట్టిన నంబరు కాదు, రేకు ముక్క. రెండు రివెట్లు తీస్తే ఏ బ్లాకు మీదకైనా పోతుంది. పోతలో వచ్చిన అంకెలు బ్లాకు మీదే ఉంటాయి, వాటిని ఎవరూ ఊడదీయలేరు. ముందు ఆ జిడ్డు కడిగి ఫొటోలు పెట్టండి. రివెట్టు ఊరికే కొత్తది అవ్వదు.

గోదారిగట్టు: స్ట్రోక్, అదే పిస్టన్ కదిలే దూరం, కొలిస్తే తెలిసిపోదా?

కొలతల సూరి: తెలియదు. అంబాసిడర్‌ది బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ బి సిరీస్ ఇంజన్. అందులో 1489, 1622, 1798 మూడింటికీ స్ట్రోక్ 88.9 మి.మీ.యే. తేడా అంతా బోరులో, అంటే సిలిండర్ వెడల్పులో. 1489కి 73 మి.మీ., 1622కి 76.2. పైగా ఇంకో అంబాసిడర్ బ్లాకే వేసి ఉంటే రెండు కొలతలూ కలుస్తాయి. అందుకే రివెట్టు దగ్గరే ఉన్నా నేను.

షెడ్డు మేస్త్రి: రీబోరుకి (అరిగిన సిలిండర్ని తొలిచి వెడల్పు చెయ్యడానికి) వెళ్లిన బ్లాకుని కాస్టిక్ సోడా తొట్టిలో వేస్తారు. ప్లేటు పాడవుతుందని ముందే ఊడదీసి, పని అయ్యాక మళ్లీ కొడతారు. హెడ్డు (బ్లాకు పైమూత) విప్పితే పిస్టన్ నెత్తిన 20 అనో 40 అనో కొట్టి ఉంటుంది, ఎన్ని థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు) బోరు తీశారో దానిమీదే రాసుంటుంది. రివెట్టు కొత్తదైతే ఇంజన్ కొత్తదైపోతుందా?

డాలస్ బాబాయ్: ఇక్కడ షెవర్లేలకి ఈ గొడవే లేదు. 60ల చివర్లో వారంటీలో ఇంజన్ పోతే కంపెనీయే కొత్త బ్లాకు ఇచ్చి కుడి హెడ్డు ముందున్న చదును మీద "సీఈ" అని కొట్టేది, కౌంటర్ ఎక్స్‌ఛేంజ్ అని. పక్కన ఏడాది చివరి అంకె. మార్చారని బ్లాకే చెబుతుంది.

గోదారిగట్టు: బాబాయ్, మనకి సీఈ లేదు, వెంకటేశ్వర లేత్ వర్క్స్ అని పెయింటుతో రాసుంటుంది 😀

కొలతల సూరి: నవ్వులాట కాదు. నేను ఒక అంబాసిడర్ కొన్నాను. ప్లేటు కలిసింది, డబ్బు కట్టాను. పేరు బదిలీకి పోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గోటితో ప్లేటు అంచు గీకాడు, అది కదిలింది. ఎనిమిది నెలలు తిరిగాను. అమ్మినవాడు "మేస్త్రి చేశాడు, నాకు తెలీదు" అన్నాడు. ఇలాంటి మేస్త్రులే ఇక్కడ పెన్సిల్ ప్రింట్ సలహాలిస్తారు.

షెడ్డు మేస్త్రి: అవును, నేనే మార్చాను, అయితే ఏంటి? మీ బండి కాదు, కానీ ఓ నాలుగు టాక్సీలకి మార్చాను. ఎండాకాలం నీళ్లు ఇంకిపోయి బ్లాకు పగులుతుంది. బండి ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది. తుక్కులోంచి అదే మోడల్ బ్లాకు తెచ్చి, ప్లేటు మార్చి, మూడో రోజుకి స్టాండులో నిలబెట్టాను. అప్పట్లో అది మోసం అని ఎవరూ అనలేదు. మీకిప్పుడు షోకు వచ్చింది కాబట్టి మోసం అయింది.

కొలతల సూరి: సెక్షన్ 52 చదవండి. ఇంజన్ మారిస్తే 14 రోజుల్లో ఆర్టీఓకి చెప్పి సీ బుక్కులో రాయించాలి. కొత్త బ్లాకు వెయ్యడం తప్పనలేదు నేను. పాత నంబరు దానికి తగిలించడం తప్పు.

షెడ్డు మేస్త్రి: రాయించడానికి ఎన్ని రోజులు పోతాయో ఆ డ్రైవర్ని అడగండి.

పాతబండి: ఇద్దరూ ఆగండి ప్లీజ్. మా నాన్న టాక్సీ తోలేవాడు. ఆ సంగతి ముందే చెప్పాల్సింది. వీఏ నంబరు నాకు కాదు, అన్నయ్యకి కావాలి. "ఒరిజినల్ ఇంజన్" అని చెప్పి అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. బండి అమ్మడమే నాకు ఇష్టం లేదు, ఇంజన్ మార్చిందని తేలితే బేరం పోతుందని ఆశ. నాన్న అలా మార్చి ఉంటే నాకేం సిగ్గు లేదు, మేం ఆ బండి తిండి తిన్నవాళ్లమే.

కొలతల సూరి: అది మీ ఇంటి విషయం. అడ్వాన్సు ఇచ్చినవాడికి మాత్రం రివెట్టు సంగతి చెప్పండి. నాకు ఎవరూ చెప్పలేదు.

పాతబండి: ఇవాళ ఆగలేక ప్లేటు ఊడదీశాను. కింద పాత కన్నంలో విరిగిన రివెట్టు ముక్క ఉంది, దాని పక్కనే డ్రిల్లు వేసిన ఇంకో కన్నం.

కొలతల సూరి: చెప్పానా!

షెడ్డు మేస్త్రి: ప్లేటు ఒకసారి ఊడిందని తేలింది, అంతే. అది సోడా తొట్టి కోసమో, ఇంకోదానికో ఆ కన్నం చెప్పదు. అయినా ఎందుకు ఊడదీశావు బాబూ, ఇప్పుడు రెండు రివెట్లూ కొత్తవే అవుతాయి కదా.