ప్రయోగశాల బాధ్యత కొత్తగా అప్పగించారు, మీ అనుభవాలు చెప్పండి

నాగావళి (శ్రీకాకుళం)
మా రసాయన శాస్త్ర విభాగంలో పరిశోధన ప్రయోగశాల నిర్వహణ గత నెల నుంచి నాది. ఎనిమిది మంది పరిశోధక విద్యార్థులు, ఒకటే రోటరీ ఇవాపరేటర్ (సాల్వెంట్‌ను, అంటే కరిగించడానికి వాడే ద్రవాన్ని, ఆవిరి చేసి తీసే యంత్రం). వంతుల కోసం రోజూ తగవే. అంతకంటే పెద్ద బెంగ మరొకటి ఉంది. నిన్న స్టోర్ గది అలమర అడుగు అరలో ఈథర్ అనే సాల్వెంట్ సీసా ఒకటి కనబడింది. లేబుల్ మాసిపోయింది, ఎప్పుడు తెరిచారో తెలియదు, మూత చుట్టూ తెల్లటి పొర కట్టింది. వాడిన విద్యార్థి పట్టా తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. ఏం చేయమంటారు?

చంపావతి (విజయనగరం)
దయచేసి ఆ సీసాను ముట్టుకోవద్దు. ఈథర్‌కు గాలి, వెలుతురు తగిలితే పెరాక్సైడ్లు ఏర్పడతాయి. ఆ తెల్లటి పొర అవే అయితే మూత తిప్పిన రాపిడికే పేలవచ్చు. గదికి తాళం వేసి, తలుపు మీద హెచ్చరిక అంటించి, విభాగాధిపతికి రాతపూర్వకంగా తెలియజేయండి. దాన్ని తీయడం నిపుణుల పని.

మా దగ్గర ఈథర్, టెట్రాహైడ్రోఫ్యూరాన్ సీసాల మీద వచ్చిన తేదీ, తెరిచిన తేదీ రెండూ చెరగని సిరాతో రాయాల్సిందే. తెరిచిన సీసాలను మూడు నెలలకోసారి పొటాషియం అయోడైడ్ ద్రావణంతో పరీక్షిస్తాం. పసుపు రంగుకు తిరిగితే ఆ సీసా ఇక వాడం. రోటరీ వంతులకు గోడ మీద ఒక పట్టిక చాలు.

వంశధార (పలాస)
2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా వైపు తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో దాచుకున్న నా ఆరు నెలల నమూనాలు పాడైపోయాయి. ఒక్కో గాజు గొట్టాన్నీ వెలుతురుకు పెట్టి చూసుకుంటూ ఏడ్చాను. కరెంటు పోతే ముందుగా ఐసు పెట్టెలోకి మార్చాల్సినవేవో ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీదే రాసి ఉంచుతాం.

రిఫ్లక్స్ (సాల్వెంట్‌ను మరిగిస్తూ, ఆ ఆవిరిని చల్లబరిచి మళ్లీ అదే పాత్రలోకి దింపడం) పెట్టి రాత్రి ఇంటికి వెళ్లే అలవాటు కూడా మాన్పించండి. కరెంటు పోతే చల్లటి నీళ్లు పంపే మోటారు ఆగుతుంది, నూనె తొట్టి మాత్రం చాలాసేపు వేడిగానే ఉంటుంది. సాల్వెంట్ ఆవిరంతా గదిలోకి వస్తుంది.

షిఫ్టు కెమిస్టు (పైడిభీమవరం)
నేను మందుల పరిశ్రమలో పనిచేస్తున్నాను. దిగే షిఫ్టువారు రిజిస్టరులో రాసి సంతకం చేస్తేనే ఎక్కే షిఫ్టువారు పని అందుకుంటారు. పరిశోధకుడు వెళ్లేటప్పుడు నో డ్యూస్ (బాకీలేమీ లేవనే) పత్రం ఇచ్చే ముందు మీరూ సీసాలన్నీ లెక్క చూసి అప్పగించుకోండి.

వ్యర్థాల విషయంలో మొహమాటం వద్దు. నా చదువు రోజుల్లో నైట్రిక్ ఆమ్లం ఉన్న క్యానులో ఒక మిత్రుడు ఎసిటోన్ పోశాడు. క్యాను ఉబ్బింది, మూత ఎగిరి పైకప్పుకు తగిలింది. అప్పుడే మేం పక్క గదిలోకి వెళ్లాం కాబట్టి బతికాం. ఆమ్లాలు వేరు, క్లోరోఫాం లాంటి క్లోరిన్ సాల్వెంట్లు వేరు, మిగతా సాల్వెంట్లు వేరు. క్యానులో ఏం పోసినా అక్కడే రాయాలి.

నాగావళి (శ్రీకాకుళం)
అందరికీ కృతజ్ఞతలు. స్టోర్ గదికి తాళం వేశాం, లేఖ ఇచ్చాను, నిపుణులను పిలిపిస్తామన్నారు. మిగిలిన అలమరల్లో సీసాల లెక్క రేపు ఉదయం విద్యార్థులందరితో కలిసి మొదలుపెడుతున్నాను. చంపావతి గారూ, మీ పరీక్ష రిజిస్టరులో ఏయే గడులు ఉంటాయో రాయగలరా?