బెర్లిన్‌లో ఖాళీ ఇల్లు, చేతిలో 500 యూరోలు. పాత ఫర్నిచర్ ఎక్కడ కొనాలి?

నకిరేకల్ తమ్ముడు:
అందరికీ నమస్తే. మాది నకిరేకల్, బెర్లిన్ వచ్చి ఏడు నెలలైంది. ఇన్నాళ్ళు ఇంకో ఇద్దరితో ఒకే రూమ్‌లో సర్దుకున్నా, ఇప్పుడు మా ఆవిడ, మూడేళ్ళ పాప వస్తున్నారని నాయ్‌కోల్న్‌లో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నా. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. తాళం తీసి లోపలికి పోతే నిజంగానే ఏమీ లేదు. వంటగదిలో సింక్ కూడా లేదు, గోడలోంచి రెండు నల్లా పైపులు బయటికి వచ్చి ఉన్నాయి, పైన హోల్డర్ లేకుండా ఉత్త వైర్లు వేలాడుతున్నాయి. మన దగ్గర కిరాయి ఇల్లంటే కనీసం వంటగట్టు, షెల్ఫులు ఉంటాయి కదా, ఇక్కడ ముందున్నాయన వంటగది మొత్తం ఊడదీసుకొని పోయాడు, అది మామూలేనట. మూడు నెలల కిరాయి డిపాజిట్‌కే పోయింది, మిగిలింది 500 యూరోలు. వాళ్ళ ఫ్లైట్ అక్టోబర్ 4న. పోయిన వారం ఒక సోఫా కోసం 60 యూరోలు ముందే పంపించి మోసపోయాను, డబ్బులు అందగానే ఆ మనిషి బ్లాక్ చేశాడు. అప్పటినుంచి ఏది చూసినా టెన్షన్‌గానే ఉంది. ముందు ఏది కొనాలి, ఎక్కడ కొనాలి, ఏది పాతది కొనొద్దు?

పాలమూరు అక్క:
తమ్ముడూ, మాది జడ్చర్ల, ఇక్కడికొచ్చి ఆరేళ్ళు. ముందు వంటగది సంగతి చూడు, సోఫా లేకున్నా చాప వేసుకొని కూర్చోవచ్చు కానీ పాపకి పాలు కాచాలంటే స్టవ్వు ఉండాలి కదా. క్లైనాన్‌త్సైగెన్ అని జనం పాత సామాన్లు అమ్ముకునే యాప్ ఉంది, అందులో వెతుకు, ఇదివరకు ఈబే పేరుతో ఉండేది, 2023లో పేరు మార్చారు. ధర పక్కన వీబీ అని ఉంటే బేరం ఆడొచ్చని అర్థం. అందులోనే ఉచితంగా ఇచ్చేవాటికి ‘త్సు ఫెర్‌షెంకెన్’ అని వేరే విభాగం ఉంది, పొద్దున్నా రాత్రీ చూస్తుండు. ఇక్కడ యూనివర్సిటీ సెమిస్టర్లు ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మొదలవుతాయి, అందుకని ఇప్పుడు సెప్టెంబర్ నెలాఖరుకి గదులు ఖాళీ చేసే పిల్లలు ఉన్న సామానంతా దొరికిన ధరకి వదిలించుకుంటారు. నీకు ఇదే మంచి టైమ్.

డబ్బులు మాత్రం వస్తువు కళ్ళారా చూశాకే చేతికివ్వు. పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపమంటే అస్సలు పంపకు, దానికి బయ్యర్ ప్రొటెక్షన్ ఉండదు, అంటే మోసపోతే పేపాల్ వాళ్ళు డబ్బులు తిరిగి ఇప్పించరు. చూసి కొనుక్కోవాలంటే రైనికెండోర్ఫ్‌లో నోఖ్‌మాల్ అని పెద్ద పాత సామాన్ల షాపుంది, 2020లో నగర చెత్త సంస్థ బీఎస్ఆర్ వాళ్ళే తెరిచారు.

పరుపు ఒక్కటి కొత్తదే కొను. నల్లులు వస్తే ఇల్లంతా పాకుతాయి. మా అమ్మమ్మ నులక మంచాన్ని ఎండలో నిలబెట్టి కోళ్ళ సందుల్లో మసిలే నీళ్ళు పోసేది, నాకు ఇప్పటికీ గుర్తే, ఇక్కడ నాలుగో అంతస్తులో నువ్వు ఏ ఎండలో పెడతావ్? పాత కర్టెన్లు, దుప్పట్లు తెస్తే 60 డిగ్రీల మీద ఉతికాకే లోపల పెట్టు. రోడ్డు పక్కన పెట్టిన సోఫా ఎంత బాగున్నా ముట్టుకోకు.

మిర్యాలగూడ:
రెండు మాటలు. కరెంటు స్టవ్వు మామూలు ప్లగ్‌తో నడవదు, గోడలో దానికి వేరే కనెక్షన్ ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించు, సొంతంగా చేయొద్దు. ఆ రోజు దాకా ప్లగ్‌కి పెట్టే రెండు బర్నర్ల ప్లేటు ఒకటి తెచ్చుకో. ఇంకోటి, సామాను తేవడానికి వ్యాన్ అద్దెకి తీసుకుందాం అనుకుంటున్నావేమో, ఇక్కడ ఉండటం మొదలుపెట్టి ఆరు నెలలు దాటితే మన ఇండియా లైసెన్స్ చెల్లదు, నీకు ఏడు నెలలైంది. జర్మన్ లైసెన్స్ ఉన్న దోస్తును అడుగు.

దేవరకొండ వడ్రంగి:
నేను ఇక్కడే దేవరకొండలో ఉంటా బాబూ, మాది వడ్రంగి పని, మా తమ్ముడు ఆ దేశంలో ఉన్నాడని ఇవి చదువుతుంటా. చెక్క ఎట్లా చూడాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. టేబుల్ అంచు కిందికి వంగి చూడు. పైన ఉన్న గీతలు అంచు మీదుగా దిగితే అది నిజం చెక్క, పైన పట్టీ అంటించి లోపల రవ్వలాగా కనిపిస్తే పొట్టు నొక్కి చేసిన బోర్డు. బోర్డు తప్పని కాదు, కానీ దాన్ని రెండుసార్లు విప్పి బిగిస్తే స్క్రూ తొర్రలు వదులైపోతాయి, నీళ్ళు తగిలిన చోట ఉబ్బుతుంది. బీరువా కొనేముందు అడుగు భాగం మీద చేయి పెట్టి రుద్దు, ఉబ్బు ఉంటే వదిలెయ్. తొర్ర వదులైతే అగ్గిపుల్లల తలలు తుంచేసి, జిగురులో ముంచి తొర్రలో కుక్కి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్ళీ స్క్రూ పెట్టు, గట్టిగా పట్టుకుంటుంది. విప్పేటప్పుడు ఒక్కో ముక్క మీద పెన్సిల్‌తో నంబరేసి ఫోటో తీసుకో, స్క్రూలన్నీ ఒకే కవర్‌లో వెయ్యి. మంచానికి మాత్రం చెక్కదే చూడు, పాప ఎక్కి దుంకుతుంది.

నకిరేకల్ తమ్ముడు:
చాలా థాంక్స్ అక్కా, అన్నా. నిన్న అగ్గిపుల్లల ఉపాయంతో ఒక టేబుల్ బాగు చేశా, కదలకుండా నిలబడింది. చదువైపోయి వెళ్ళిపోతున్న ఒకమ్మాయి సింక్, రెండు షెల్ఫులు, ఫ్రిజ్ కలిపి 130కి ఇస్తానంది, శనివారం సాయంత్రం తెచ్చుకుంటున్నా. ఆదివారం డ్రిల్లింగ్ చేయొచ్చా?

పాలమూరు అక్క:
వద్దు తమ్ముడూ, ఆదివారం గోలకి ఇక్కడ ఒప్పుకోరు, పక్కింటోళ్ళు కంప్లెయింట్ ఇస్తారు. సోమవారం సాయంత్రం పెట్టుకో. ఫ్రిజ్ నిలబెట్టే మోసుకురండి, పడుకోబెడితే కొన్ని గంటలు ఆగాకే ఆన్ చెయ్యాలి.