కారు కడిగే నీళ్లలో ఇసుక చేరకుండా చూసుకోవడం ఎలా?

హనుమకొండ నల్లబండి:
మిత్రులకు నమస్కారం. నలుపు రంగు కారు కొని రెండేళ్లయింది. ఉద్యోగరీత్యా వారానికి మూడుసార్లు కరీంనగర్ వెళ్లి వస్తుంటాను కనుక, గ్రానైట్ రాళ్లు మోసే లారీలు రేపే దుబ్బంతా నా బండి మీదే ఉంటుంది. ప్రతి ఆదివారం ఇంటి ముందు నేనే చేత్తో కడుగుతాను. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, మరొక బకెట్లో గ్లౌజు జాడించడానికి మామూలు నీళ్లు పెట్టుకుంటాను. అయినా సగం బండి కడిగేసరికి షాంపూ బకెట్ అడుగున వేలితో రాస్తే ఇసుక గరగరలాడుతోంది. సాయంత్రపు ఎండ బానెట్ మీద ఏటవాలుగా పడినప్పుడు సాలెగూడు అల్లినట్లు సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. బకెట్ అడుగున పెట్టుకునే జాలీ ఒకటి అమ్ముతున్నారు. దాని బదులు వంటింట్లోని చిల్లుల గిన్నెను బోర్లిస్తే సరిపోతుందా? లేక పొరపాటు మరెక్కడైనా జరుగుతోందా?

కాజీపేట పెయింట్ షెడ్డు:
జాలీ నీళ్లను వడగడుతుందని చాలామంది అనుకుంటారు. దాని పని అది కాదు. గ్లౌజు ముంచి కదిపినప్పుడు అడుగునున్న నాలుగు వేళ్ల లోతు నీళ్లు కలగకుండా ఆపుతుంది, దాంతో ఒకసారి దిగిన ఇసుక మళ్లీ పైకి లేవదు. మిల్లీమీటరులో పదో వంతు ఉన్న ఇసుక రేణువు నిలకడ నీటిలో సెకనుకు సుమారు 8 మిల్లీమీటర్లు దిగుతుంది, అంటే అడుగు లోతు దిగడానికి 40 సెకన్లు చాలు. అందులో ఐదో వంతు ఉన్న ఒండు రేణువుకు అదే లోతు దిగడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. కాబట్టి గ్లౌజును జాలీకేసి రుద్ది, పైకి తీసి, ఓ అర నిమిషం ఆగి మళ్లీ ముంచితే ముతక ఇసుక బెడద తగ్గుతుంది. సన్నటి ఒండు మాత్రం నీళ్లలోనే తిరుగుతుంటుంది, దానికి ఏ జాలీ పనికిరాదు. జాడించే నీళ్లు ఎర్రబడగానే పారబోసి కొత్తవి పట్టుకోవడమే మార్గం.

చిల్లుల గిన్నె విషయానికొస్తే, ప్లాస్టిక్‌ది నీళ్లలో తేలిపోతుంది, స్టీలుది నిలుస్తుంది. అయితే దాని అంచుల మీదా చిల్లుల మీదా పాత బనియన్ గుడ్డ ఒకసారి లాగి చూడండి. పోగు పట్టుకుంటే ఆ గిన్నె వద్దు, మీ గ్లౌజు చిరుగుతుంది. (ఇంట్లో అడిగే తీసుకోండి, అది మళ్లీ వంటింట్లోకి పోదు మరి.)

ఇసుక షాంపూ బకెట్ దాకా వచ్చిందంటే, బండి మీద అంత ఇసుక ఉండగానే మీరు గ్లౌజు ఆనించారన్నమాట. గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి, అవి గాజు కంటే గట్టివి. రంగు మీద ఉండే క్లియర్ కోట్ సాధారణంగా 40, 50 మైక్రాన్లకు మించదు. అందువల్ల చెయ్యి పెట్టే ముందు పైకప్పు నుంచి కిందికి పైపుతో ధారాళంగా నీళ్లు పోసి, నాలుగైదు నిమిషాలు నాననిచ్చి, ఎండకు ఆరకముందే మరోసారి పోయండి. తర్వాత పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పైసగం, చివరకు తలుపుల కింది సగం అన్న వరుస తప్పకండి. చక్రాలకు బకెట్టూ బ్రష్షూ వేరుగా ఉండాలి. ఇంతకీ, రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో మీ బండి తుడిచే మనిషి ఎవరైనా ఉన్నారా?

వడ్డేపల్లి వాసి:
పైన చెప్పినవన్నీ నిజమే గాని, నేను రెండు బకెట్ల పద్ధతి మానేసి మూడేళ్లయింది. వేసవిలో మా బోరు అడుగంటుతుంది, ఒక్క కారుకు ఆరేడు బకెట్ల నీళ్లు పోయడానికి మనసొప్పదు. పైపుతో దుబ్బ దులిపాక, ఒకే బకెట్ షాంపూ నీళ్లలో పది పన్నెండు మైక్రోఫైబర్ గుడ్డలు నానబెడతాను. ఒక్కో గుడ్డను నాలుగు మడతలు వేసి, ఒక్కో ముఖంతో ఒక్కో భాగం తుడిచి, మురికి పట్టిన ముఖాన్ని లోపలికి మడుస్తాను. ముఖాలన్నీ అయిపోయిన గుడ్డ ఎట్టి పరిస్థితిలోనూ ఆ బకెట్లోకి తిరిగి వెళ్లకూడదు, పక్కనున్న తొట్టిలో పడాలి. మురికి గుడ్డ ముంచడమే లేనప్పుడు నీళ్లలో ఇసుక చేరే దారే ఉండదు. గుడ్డ నేలమీద పడితే దాన్ని ఆ రోజుకు పక్కన పడేయండి, ఎంత జాడించినా నమ్మలేం.

మరో సంగతి. ఇసుక మీ కారు నుంచే వస్తోందని ముందే నిర్ణయించుకోకండి. నిరుడు ఏప్రిల్‌లో ఎంత జాగ్రత్తగా కడిగినా గీతలు పడుతుంటే, చివరికి కారణం మా ట్యాంకేనని తేలింది. నీళ్లు అడుగంటినప్పుడు బోరు మొదట వదిలే నీళ్లతో మొరం పొడి వస్తుంది, అది ట్యాంకులో పేరుకుని, మట్టం తగ్గిన రోజున కుళాయిలోకి దిగుతోంది. ఒక గాజు గ్లాసులో కుళాయి నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున గీతలా ఏదైనా పేరుకుంటే, కుళాయి మూతికి రెండు మడతల పంచె గుడ్డ కట్టి బకెట్ నింపుకోండి. బోరు నీళ్లలో ఉప్పు కూడా ఎక్కువే కనుక, కడిగిన వెంటనే నీడలో తుడిచేయండి. ఎండలో వదిలేస్తే తెల్లటి మరకలు మిగులుతాయి, మళ్లీ వాటిని రుద్దడంతో ఇంకో గీతల వరుస మొదలవుతుంది.

హనుమకొండ నల్లబండి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందు పెయింట్ షెడ్డు అన్న అడిగినదానికి జవాబు చెబుతాను. మా అపార్ట్‌మెంట్ కింద ఒకతను రోజూ తెల్లవారుజామున అన్ని బండ్లనూ ఒకే గుడ్డతో తుడుస్తాడు, నెలకు కొంత డబ్బు ఇస్తాం. నిన్న లేచి వెళ్లి చూశాను. ఒక చిన్న బకెట్‌తో తొమ్మిది కార్లు తుడుస్తున్నాడు, నాది ఏడోది. ఆ నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. నా బండి ముట్టుకోవద్దనీ, డబ్బు మాత్రం ఎప్పటిలాగే ఇస్తాననీ చెప్పాను. అతనికి నా మీద కొంచెం అనుమానం వచ్చినట్లుంది.

గ్లాసు పరీక్ష కూడా చేశాను. మా కుళాయి నీళ్లలో పెద్దగా ఏమీ తేలలేదు. ఈ ఆదివారం గుడ్డల పద్ధతి పాటించాను. పన్నెండు గుడ్డలు కొన్నాను, తొమ్మిదింటితో బండి పూర్తయింది. చివర్లో బకెట్ అడుగున వేలు పెట్టి చూస్తే నున్నగానే ఉంది. బానెట్ మీది పాత గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటికి పాలిష్ పెట్టించాలా?

కాజీపేట పెయింట్ షెడ్డు:
ఇప్పుడే వద్దు. పాలిష్ అంటే క్లియర్ కోట్‌ను కొంచెం అరగదీయడమే. రెండు మూడు నెలలు ఇదే పద్ధతిలో కడిగి, కొత్త గీతలు పడటం లేదని రూఢి చేసుకున్నాక బండి తీసుకురండి, ముందు మందం కొలిచి చూద్దాం. ఇక ఆ మిగిలిన మూడు గుడ్డలను చక్రాలకు వాడకండి, అద్దాలకు ఉంచుకోండి.