రిటైరయ్యాక డాబా మీద చుక్కలు చూడటం మొదలుపెట్టాలంటే టెలిస్కోపే కొనాలా?

డాబామెట్లు:
అందరికీ నమస్కారం. నాకు 62. పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరై, సామర్లకోట దగ్గర మా సొంత ఊరు వచ్చేశాం. ఉగాది నాడు రాత్రి కరెంటు పోతే డాబా ఎక్కి పడుకున్నాం. అంతసేపు ఆకాశం చూసి ఎన్నేళ్లయిందో! చిన్నప్పుడు మా నాయనమ్మ పిల్లలకోడి ఎక్కడుందో చూసి పొద్దెంతయిందో చెప్పేది, వేగుచుక్క పొడవగానే లేచి కళ్లాపి చల్లేది. ఆ రెండూ తప్ప నాకు ఇంకో చుక్క పేరు తెలియదు, ఇప్పుడు నేర్చుకోవాలని గట్టిగా అనిపిస్తోంది.

డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి వచ్చే నెల వస్తున్నాడు, మంచి టెలిస్కోప్ తెస్తానంటున్నాడు. మా ఆయనేమో "ఈ వయసులో మెడ పట్టేస్తే ఎవరు చూస్తారు" అంటున్నారు. నాకు మోకాళ్ల నొప్పులున్నాయి, కుడికంట్లో శుక్లం మొదలైందన్నారు. డాబాకి దక్షిణాన కొబ్బరిచెట్లు, ఒక మూల వీధిలైటు నేరుగా కళ్లలో కొడుతుంది. అబ్బాయిని ఏం తెమ్మనమంటారు? అసలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కర్నూలు లెక్చరర్:
అమ్మా, టెలిస్కోప్ ఇప్పుడే వద్దనండి. 10×50 బైనాక్యులర్ ఒకటి తెమ్మనండి చాలు. 10 అంటే పది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 50 అంటే ముందు అద్దం వ్యాసం 50 మిల్లీమీటర్లని. యాభైని పదితో భాగిస్తే అయిదు కదా, కంట్లోకి వచ్చే వెలుగు వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. కుర్రవాళ్ల కంటిపాప చీకట్లో 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, మన వయసుకి 5 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఎవరైనా 7×50 మంచిదని చెబితే వినకండి, దాన్నుంచి వచ్చే వెలుగులో సగం దాకా మన కంటి బయటే పోతుంది. 10×50 బరువు కిలో దాకా ఉంటుంది, చేతులు వణుకుతాయనుకుంటే 8×42 తీసుకోండి. నిలబడి చూడొద్దు, పడకకుర్చీలో వెనక్కి వాలి మోచేతులు కుర్చీ చేతుల మీద ఆనించండి, మెడనొప్పి గొడవే ఉండదు, మీవారికి ఆ దిగులూ అక్కర్లేదు.

బైనాక్యులర్ వచ్చేలోపు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. మీ ఇంట్లో గోడ క్యాలెండర్ ఉంటుందిగా, అందులో రోజూ తిథి పక్కన నక్షత్రం వేస్తారు. మనం దాన్ని ముహూర్తాలకే చూస్తాం గానీ అది ఆ రోజు చంద్రుడు ఆకాశంలో ఏ భాగంలో ఉన్నాడో చెప్పే అడ్రసు. ఉగాది ఇప్పుడే వెళ్లింది గనక నాలుగైదు రోజుల్లో రోహిణి వస్తుంది. ఆ సాయంత్రం చీకటి పడ్డాక పడమర నెలవంక దగ్గర ఎర్రగా కనిపించేదే రోహిణి. తర్వాత మఖ, పున్నమి దగ్గర చిత్త, ఇలా చంద్రుడే ఒక్కొక్క చుక్క దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్తాడు. చైత్రం అన్న పేరు కూడా చిత్త దగ్గర పున్నమి వస్తుందనే. ఒక్కటి గుర్తుంచుకోండి, నక్షత్రం ఎన్ని గంటల దాకా ఉందో కూడా క్యాలెండర్లో వేస్తారు, మధ్యాహ్నమే అయిపోతే రాత్రికి చంద్రుడు తర్వాతి నక్షత్రంలో ఉంటాడు.

గచ్చిబౌలి ఏడో ఫ్లోర్:
నేను ఒప్పుకోను సార్. బైనాక్యులర్‌లో గురుడి నాలుగు చందమామలు కనిపిస్తాయి, నిజమే, కానీ శని వలయాలు కనిపించవు. మొదటిసారి ఆ వలయాలు చూసినవాళ్లు అద్దం మీద బొమ్మ అంటించారా అని గొట్టం ముందుకెళ్లి చూసొస్తారు, మా మామగారు అదే పని చేశారు! ఆ ఆనందం ఆంటీకి ఇప్పుడే ఎందుకు ఉండకూడదు? 6 అంగుళాల డాబ్సోనియన్ కొనండి. నేల మీద చెక్కపీఠం, దానిపైన గొట్టం, చేత్తో అటూ ఇటూ తిప్పడమే, మోటార్లూ సెట్టింగులూ ఏమీ ఉండవు. కుర్చీలో కూర్చునే చూడొచ్చు.

డబ్బా మీద "525 రెట్లు" అని రాసి అమ్మే సన్నకాళ్ల బొమ్మ టెలిస్కోపులు మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు దాకానే పెంచి చూసినా ప్రయోజనం ఉంటుంది. 60 మి.మీ. దానికి 120 దాటితే అంతా మసకే.

కర్నూలు లెక్చరర్:
బాబూ, మీరు చెప్పిన డాబ్సోనియన్ మంచిదే, కాదనను. కానీ పీఠంతో కలిపి పదిహేను కిలోల దాకా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి దాన్ని రోజూ డాబా మెట్లెక్కించాలా? ఒక వారం ఎక్కిస్తారు, తర్వాత మెట్ల కింద దుమ్ము పడుతుంది. అమ్మా, ఎప్పటికైనా కొంటే పెరట్లో పెట్టుకునే ఉద్దేశంతో కొనండి, అంత బరువు విమానంలో మోసుకురావడం కన్నా ఇక్కడ కొనడమే నయం. శని ఎక్కడికీ పోడు.

రెండు కళ్ల ఆపరేషన్:
శుక్లం గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. అక్కా, శుక్లం ముదిరేకొద్దీ చుక్కలు మసకబారతాయి, లైట్ల చుట్టూ వెలుగు చెదురుతుంది, అది బైనాక్యులర్ లోపం అనుకోకండి. ఆపరేషన్ దాకా వస్తే, రాత్రిపూట చుక్కలు చూసే అలవాటుందని డాక్టరు గారికి ముందే చెప్పండి. దూరానికీ దగ్గరికీ రెండిటికీ పనికొస్తాయని వేసే మల్టీఫోకల్ లెన్సులతో కొందరికి రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. నేను అడిగి దూరానికి మాత్రమే సరిపోయే లెన్స్ వేయించుకున్నా, పేపర్ చదవడానికి కళ్లద్దాలు కావాలి, కావాలంటే కావాలి. ఆపరేషన్ తర్వాత అభిజిత్ (వేగా) నక్షత్రంలో నీలి ఛాయ చూసి ఆశ్చర్యపోయా, అన్నాళ్లూ నా కంట్లోని ముదిరిన లెన్స్ పసుపుపచ్చ అద్దంలా అడ్డుపడింది మరి.

కళ్లజోడు సంగతి, మామూలు దూరదృష్టి, హ్రస్వదృష్టి అయితే జోడు తీసేసి బైనాక్యులర్ ఫోకస్‌తోనే సరిచేసుకోవచ్చు. సిలిండర్ పవర్ ఎక్కువుంటే జోడు ఉంచుకోవాల్సిందే. ఇంకోటి, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు పడకకుర్చీలోంచి దిగ్గున లేవొద్దు, డాబా మీద కళ్లు తిరిగితే పక్కన ఉండేది పిట్టగోడే.

న్యూజెర్సీ నుంచి:
మీ దక్షిణం వైపు కొబ్బరిచెట్లు చూస్తే నాకు బాధేస్తోంది అండి, ఎందుకంటే అసలు సంపద అటే ఉంది. సామర్లకోట 17 డిగ్రీల అక్షాంశం, మాది 40. అగస్త్య నక్షత్రం మాకు అసలు ఉదయించదు. ఆకాశంలో లుబ్ధకుడి (సిరియస్) తర్వాత అంత కాంతివంతమైన చుక్క అదే, మీకు ఇప్పుడు సాయంత్రం చీకటి పడగానే నైరుతివైపు కిందుగా కనిపిస్తుంది. రాత్రి పది దాటాక దక్షిణాన ఒమేగా సెంటారీ అని లక్షల నక్షత్రాల గుంపు పైకొస్తుంది. బైనాక్యులర్‌లో గుండ్రటి మసక ముద్దలా ఉంటుంది, చెట్టు సందులోంచైనా పట్టుకోండి. దాన్ని చూడాలంటే నేను సెలవు పెట్టి దక్షిణానికి ప్రయాణం కట్టాలి.

ధ్రువుడు మాత్రం మీకు ఉత్తరాన బాగా కిందుగా, 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, నెత్తిమీద వెతక్కండి.

బీచ్‌రోడ్డు వాకింగ్:
మీవారికి ఒక మాట చెప్పండి మేడమ్. విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలోనే సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు. ఈ పిచ్చి మన వైపు కొత్తదేం కాదు. (పగలు బైనాక్యులర్ సూర్యుడివైపు మాత్రం తిప్పకండి, ఒక్క క్షణం చాలు కన్ను పోవడానికి.)

డాబామెట్లు:
అందరికీ చాలా థ్యాంక్స్. కొన్నాళ్లుగా రాయలేదు, క్యాలెండర్ పట్టుకుని తిరుగుతున్నా. రోహిణి రోజు దీపాలు పెట్టాక పైకెళ్లా, సన్నటి చంద్రుడికి కొంచెం ఎడంగా నిజంగానే ఎర్రటి చుక్క! దాని కిందుగా పిల్లలకోడి కూడా దొరికింది. మా ఆయన్ని పిలిస్తే చూసి "ఇదా రోహిణి, నేను పుట్టిన నక్షత్రం" అన్నారు, 66 ఏళ్లొచ్చాయి, ఆయన దాన్ని చూడటం ఇదే మొదటిసారి. ఇప్పుడు నాకంటే ముందే పైకి కుర్చీ పట్టుకెళ్తున్నారు.

సందేహం ఏంటంటే, చిత్త సరిగ్గానే దొరికింది. మర్నాడు స్వాతి అని ఉంటే చంద్రుడి చుట్టుపక్కలంతా వెతికా, ఏమీ లేదు. వెన్నెల ఎక్కువై కనిపించలేదా? వీధిలైటుకి కూడా ఎవరూ మందు చెప్పలేదు.

కర్నూలు లెక్చరర్:
వెన్నెల తప్పు కాదమ్మా, స్వాతి చుక్క చంద్రుడి దారికి బాగా ఉత్తరాన, దాదాపు ముప్పై డిగ్రీల దూరంలో ఉంటుంది. శ్రవణం కూడా అంతే. ఆ రెండిటి దగ్గరికి చంద్రుడు ఎప్పటికీ రాడు, ఆకాశంలో చంద్రుడి దారిలోని ఆ భాగానికి వాటి పేరు మాత్రం పెట్టారు. సప్తర్షి మండలం దొరికిందా? దాని తోక వంపు ఎటు తిరిగిందో అటే చూపు సాగదీస్తూ వెళ్తే నారింజరంగులో మెరిసేది స్వాతి, ఇంకా అదే వంపులో సాగితే మళ్లీ చిత్త దగ్గరికే వస్తారు. తోకలో చివరి నుంచి రెండోది వశిష్ఠుడు, ఆనుకుని అరుంధతి. పెళ్లిలో పంతులుగారు పట్టపగలు చూపిస్తే అందరం చూశామనే చెప్పాం, ఇప్పుడు నిజంగా చూడండి.

వీధిలైటుకి, డాబా మీద బట్టలారేసే తీగ ఉంటే ఆ మూలకి ముదురురంగు దుప్పటి వేలాడదీయండి, నేను చేసేదదే. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఆ లోపు ఫోన్ చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి, ఫోన్‌లో స్టెల్లేరియం అనే చుక్కలు చూపించే యాప్ వాడితే అందులో రాత్రి కోసం ఎర్ర తెర ఉంది.

గచ్చిబౌలి ఏడో ఫ్లోర్:
ఆంటీ, బైనాక్యులర్ చేతికి రాగానే పక్కింటివాళ్లకి ఒకసారి చూపించండి, ముందే. మా అపార్ట్‌మెంట్‌లో నామీద వాచ్‌మన్‌కి కంప్లయింట్ వెళ్లింది.

డాబామెట్లు:
హహ, పక్కింటావిడకి చెప్పేశా, ఆవిడా వస్తానంది. అబ్బాయికి 10×50 అని మెసేజ్ పెట్టాను. వానలు మొదలయ్యాక దాన్ని ఎలా దాచాలి? మా ఇంట్లో కెమెరా లెన్స్ ఒకటి బూజు పట్టి పాడైంది.

బీచ్‌రోడ్డు వాకింగ్:
తోలు సంచిలో ఉంచొద్దు, తేమ పీల్చుకుంటుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, జెల్ రంగు మారితే మార్చేయండి. వానాకాలం మబ్బు విడిచిన రాత్రి ఒక్కటి దొరికినా బయటికి తీయండి, కానీ తుడిచి ఆరాకే మళ్లీ డబ్బాలో పెట్టండి.