పాపకు సీలియాక్ అన్నరు, ఇంట్ల గోధుమలు మొత్తం బంద్ చేయాల్నా?

హన్మకొండ అమ్మ:
అందరికీ నమస్తే. మా పాపకు రెండేండ్లు నిండినయ్. చానా రోజుల సంది మోషన్స్ పలుచగ అయితున్నయ్, పొట్ట ఉబ్బి కాళ్లు చేతులు సన్నగ, బరువు పెరుగుడే లేదు. ఇక్కడ నట్టల మందు ఇచ్చిన్రు, ఐరన్ డ్రాప్స్ ఇచ్చిన్రు, రక్తం పెరగలే. హైదరాబాద్‌ల చూపిస్తే టీటీజీ అని బ్లడ్ టెస్టు, తర్వాత ఎండోస్కోపీ చేసి సీలియాక్, అంటే గోధుమ పడని పేగు రోగం అని తేల్చిన్రు, ఇగ జీవితాంతం గోధుమ, బార్లీ ముట్టొద్దట. డైట్ చార్ట్ ఇచ్చిన్రు గానీ అండ్ల అంత కినోవా, బక్‌వీట్ అని ఉన్నది. మాది అన్నం తినే ఇల్లు, మరి పిల్ల కడుపులకు గోధుమ ఎటుకెళ్లి పోతుందో సమజైతలేదు. మామయ్యకు షుగర్, రాత్రి చపాతీ లేంది నడవదు. అత్తమ్మ ఏమో ఒక్క బిస్కెట్ తింటే ఏమైతది అంటది. అందరం బంద్ చేయాల్నా? పెద్దోడికి ఆరేండ్లు, మంచిగనే ఉన్నడు, వానికి కూడా టెస్టు చేపియ్యాల్నా?

కాజీపేట వదిన:
చెల్లే, అంగన్‌వాడీల ఇచ్చే బాలామృతం పెడ్తున్నవా? అండ్ల సగానికి ఎక్కువ గోధుమనే. వేరే పిల్లలకు మంచి బలం, మన పిల్లలకు మాత్రం వద్దు, టీచరమ్మకు రిపోర్టు చూపెట్టి చెప్పు. హార్లిక్స్ కూడ గోధుమ, బార్లీ మాల్ట్‌తోనే చేస్తరు. ఉప్మా రవ్వ, సేమియా గోధుమనే, ఇడ్లీ రవ్వ బియ్యంది, అది ఓకే. పొద్దుగాల నూకల ఉప్మా చెయ్యి. మా బాబుకు గీ రోగమే, సర్వపిండి, సకినాలు, మక్క గట్క, తైదంబలి తినుకుంటనే పెరుగుతున్నడు, కినోవా మొకం మేం చూడలే. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు మాత్రం అడిగి పెట్టు, కొందరు సజ్జ రొట్టెతో చేస్తరు, కొందరు గోధుమ రొట్టెతో. మేడారం బంగారం బెల్లమే కాబట్టి భయం లేదు.

అసలు తిప్పలంత గిర్ని కాడ. గోధుమలు పట్టినంక అండ్లనే మన జొన్నలు పోస్తే లోపలున్న పిండంత కలిసి వస్తది, ముందుగాల మనయి పట్టమన్నా నిన్నటి పిండి అండ్ల ఉంటనే ఉంటది. బియ్యం పిండి నేను నానబెట్టి ఆరబోసి మిక్సీల పడుత, జొన్నలకు ఇంట్ల పెట్టుకునే చిన్న గిర్ని కొన్నం, ఖర్చు అయింది గానీ మనాది పోయింది. పాపకు పెనం, జల్లెడ, పీట, చపాతీ కర్ర అన్నీ వేరే పెట్టు.

జగిత్యాల నాన్న:
పెద్దోడికి తప్పకుండ చేపియ్యుండ్రి, మీ ఇద్దరికి కూడా. అమ్మానాన్న, తోడబుట్టినోళ్లకు వచ్చే చాన్స్ మామూలోళ్ల కంటే ఎక్కువ, పైకి ఏం కనిపియ్యకపోయినా ఉండొచ్చు. టెస్టు అయ్యేదాంక వానికి చపాతీ, బ్రెడ్డు బంద్ చెయ్యకుండ్రి, బంద్ చేసినంక రక్తం తీస్తే దొరకకపోవచ్చు.

అత్తమ్మకు గిట్ల చెప్పుండ్రి, గోధుమల ఉన్న గ్లూటెన్ అనే ప్రోటీన్ కడుపులకు పోతే పిల్ల ఒంట్ల ఉన్న రక్షణ శక్తే పేగు మీద పడి లోపలి పొరను అరగగొడ్తది, తిన్నది ఒంటికి పట్టది. ఒక్క బిస్కెట్‌కు ఆ రోజు మోషన్స్ కాకపోవచ్చు, లోపల దెబ్బ మాత్రం తగుల్తది. రాగి బిస్కెట్ అని బొమ్మ చూసి కొనకుండ్రి, ఎనుక చదివితే మైదానే ముందుంటది. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సామాన్లు చూసే సర్కారు సంస్థ) రూలు, ఆ మాట ఉన్నదే కొనుండ్రి. ఇంగువ డబ్బా కూడా చూడుండ్రి, గోధుమ పిండి కలిపేటియి ఉంటయ్.

పరకాల పిల్ల:
మా పక్కింటోళ్లు ఖప్లీ గోధుమలు వాడుతున్నరు, పాతకాలం గోధుమ కాబట్టి పడుతదట, ట్రై చేయొచ్చు కదా అక్క

జగిత్యాల నాన్న:
వద్దు తల్లీ. ఖప్లీ కూడ గోధుమనే, గ్లూటెన్ ఉంటది. షుగరోళ్లు తింటరేమో గానీ సీలియాక్‌కు బిల్కుల్ వద్దు.

హన్మకొండ అమ్మ:
వదినా, బాలామృతమే! నెలనెలా తెచ్చి లడ్డూలు చేసి పెడ్తున్న, బలమొస్తదని. ఇయ్యాల్నే తీసేసిన. మామయ్యతోని మాట్లాడిన, మనవరాలి కోసం జొన్న రొట్టె తింట అన్నడు, గోధుమ పిండి ఇంట్లకే రాదు ఇగ. కానీ నాకు రొట్టె చేస్తే అంచులు ఇరుగుతున్నయ్ 😭 అందరు కొంచెం గోధుమ పిండి కలుపమంటున్నరు, అదే కలుపొద్దు కదా

కాజీపేట వదిన:
పిండి పాతదైతే ఇరుగుతది, వారానికి సరిపోనే పట్టుకో. నీళ్లు ఉప్పేసి మసలబెట్టి పిండిల పొయ్యి, గంటెతో కలిపి మూతపెట్టు, చెయ్యి పట్టేంత వేడి ఉన్నప్పుడే అరచేత్తోని బాగ పిసుకు, ఎంత పిసికితే అంత సాగుతది. కర్రతో కాదు, చేత్తో కొట్టు. పెనం మీదేసినంక పైన తడిబట్టతో అద్దు. ముందుగాల చిన్నయి చెయ్యి, పాపకు కూడ సరిపోతయ్.