ఇంటి కేకులు అమ్మాలంటే: ధర ఎలా కట్టాలి, గుడ్డు లేని కేకు ఎందుకు కుంగుతుంది, ఎండల్లో క్రీమ్ సంగతేమిటి?

ఖమ్మం వంటిల్లు
అందరికీ నమస్కారం. పిల్లల కోసం మొదలుపెట్టిన బేకింగ్ ఇప్పుడు మా అపార్ట్‌మెంటు అంతా పాకింది. ఎవరి పుట్టినరోజు వచ్చినా కేకు నాకే చెబుతున్నారు. ఇన్నాళ్లూ సరుకుల ఖర్చు మాత్రమే తీసుకున్నాను. ఇక చిన్న వ్యాపారంగా నడపాలని ఉంది. మూడు విషయాలు తేలడం లేదు. ధర ఏ లెక్కన కట్టాలి? సగానికి పైగా గుడ్డు లేని కేకులే అడుగుతున్నారు, అవి పొయ్యిలో పొంగి బయటికి తీయగానే మధ్యలో కుంగుతున్నాయి, కారణమేమిటి? మా ఊరి ఎండల్లో క్రీమ్ నిలిచేదెలా? నా దగ్గర 28 లీటర్ల ఓటీజీ (కేకులు కాల్చే కరెంటు పొయ్యి) ఉంది. చేసినవాళ్లు వివరంగా చెప్పండి.

వెన్నముద్ద (విజయవాడ)
ముందు ధర సంగతి చెబుతాను, ఎందుకంటే మన ఆడవాళ్లం ఎక్కువగా నష్టపోయేది అక్కడే. అర కిలో వెనిలా క్రీమ్ కేకుకు నా లెక్క ఇది. మైదా, చక్కెర కలిపి 9 రూపాయలు. వెన్న 75 గ్రాములకు 45. రెండు గుడ్లకు 14. క్రీమ్‌కు 45. డబ్బా, కింది అట్ట 35. కరెంటు 10. ఎసెన్స్, బేకింగ్ పౌడరు, బటర్ పేపర్ వంటి చిల్లర 7. మొత్తం 165. మీ ఊళ్లో ధరలు అటూ ఇటూ ఉంటాయి, కానీ చూడండి, మైదా, చక్కెరల ఖర్చు డబ్బా ఖర్చులో మూడో వంతు కూడా లేదు. చాలామంది డబ్బానే లెక్కలో వేయరు.

ఇప్పుడు మీ శ్రమ. గిన్నెలు కడగడం, క్రీమ్ గిలకొట్టడం, పేరు రాయడం, ఫోనులో రంగు గురించి పది సందేశాలకు జవాబివ్వడం, అన్నీ కలిపితే రెండు గంటలకు తక్కువ పట్టదు. ఆ కేకును 250కి ఇస్తే మీకు మిగిలేది 85. నేను 420 తీసుకుంటాను. వీధి చివర బేకరీలో 280కే వస్తుంది కదా అని అడిగేవాళ్లుంటారు. చాలా బేకరీల వాళ్లు వెన్న బదులు మార్జరిన్ (నూనెలతో చేసే చవక వెన్న) వాడతారు, సరుకు బస్తాల్లో కొంటారు, ఒకే విడతలో ఇరవై కేకులు కాలుస్తారు. వాళ్లతో ధరలో పోటీ పడాల్సిన అవసరం మనకు లేదు. మీరు వెన్న వేస్తున్నారు, ఆ మాట ధైర్యంగా చెప్పండి.

గోదావరి గట్టు
వెన్నముద్ద గారి లెక్కతో పేచీ లేదు. కానీ ఇన్నాళ్లూ సరుకుల ఖర్చుకే ఇచ్చిన పొరుగువాళ్లకు ఒక్కసారిగా 420 చెబితే మొహమాటాలు మొదలవుతాయి. నా సలహా, క్రీమ్ కేకులతో వ్యాపారం ప్రారంభించకండి. రాగి బిస్కెట్లు, కొబ్బరి బిస్కెట్లు, టూటీ ఫ్రూటీ కేకు, రస్కు లాంటి పొడి సరుకుతో మొదలుపెట్టండి. గాలి చొరని డబ్బాలో బిస్కెట్లు రెండు వారాలు కరకరలాడుతూ ఉంటాయి. ఈ రోజు అమ్ముడుపోకపోతే రేపు పోతాయి. క్రీమ్ కేకు అలా కాదు, చెప్పినవాళ్లు రాకపోతే ఆ సాయంత్రమే నష్టం. వానాకాలంలో మాత్రం బిస్కెట్లు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వెచ్చగా ఉండగా మూత పెడితే మర్నాటికి మెత్తబడతాయి.

వెన్నముద్ద (విజయవాడ)
పొడి సరుకు మంచి ఆలోచనే. మొహమాటం మాటకొస్తే మాత్రం, ఫలానా తేదీ నుంచి కొత్త ధరలని ఒక పట్టిక రాసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెడితే సరిపోతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాల్సిన ఇబ్బంది తప్పుతుంది. సగం డబ్బు ముందుగా అందాకే ఆర్డరు రాసుకోండి. ఈ నియమంలో చుట్టాలకూ మినహాయింపు ఇవ్వకండి.

రొట్టెల పెట్టె (హైదరాబాద్)
కుంగే కేకు గురించి. గుడ్డులో మాంసకృత్తులు వేడికి గట్టిపడి కేకును నిలబెడతాయి. గుడ్డు తీసేశాక ఆ పని మైదా, గాలి బుడగలే చేయాలి. పెరుగులోని పులుపు వంట సోడాతో కలిస్తే బుడగలు పుడతాయి. అవి పుట్టడం మొదలయ్యాక పిండి గిన్నెను పక్కన పెట్టి ఓటీజీ వేడి చేసుకుంటే, పొయ్యిలోకి వెళ్లేలోపే గాలి పోతుంది. అందుకే ముందు ఓటీజీని 180 డిగ్రీలకు పెట్టి కనీసం పది నిమిషాలు వేడెక్కనివ్వండి, టిన్నుకు నూనె రాసి కాగితం పరిచి ఉంచండి, ఆ తర్వాతే సోడా ముట్టుకోండి.

నా కొలతలు: పెరుగు 250 గ్రాములు, చక్కెర 150, నూనె 110, మైదా 190, బేకింగ్ పౌడరు ఒకటింపావు చెంచా, వంట సోడా అర చెంచా, వెనిలా చెంచా. పెరుగులో చక్కెర పూర్తిగా కరగాలి, వేళ్లతో నలిపితే రవ్వ తగలకూడదు. దాంట్లో సోడా, పౌడరు వేస్తే నాలుగైదు నిమిషాల్లో పైన నురుగు కడుతుంది, అంచుల్లో చిన్న చిన్న బుడగలు పగులుతూ కనిపిస్తాయి. అప్పుడు నూనె, వెనిలా, తర్వాత జల్లించిన మైదా మూడు విడతలుగా. మైదా పొడి కనిపించకుండా కలిసిందంటే చేయి ఆపేయాలి. ఎక్కువ కలిపితే జిగురు పుట్టి కేకు రబ్బరులా సాగుతుంది. 35 నుంచి 40 నిమిషాలు కాల్చాలి. మొదటి 25 నిమిషాలు తలుపు తీయవద్దు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి.

మధ్యలో కుంగడానికి ఎక్కువగా మూడు కారణాలు. సోడా ఎక్కువ పడడం, తలుపు ముందే తీయడం, లోపల ఉడకకముందే బయటికి తీయడం. మీరు కప్పులతో కొలుస్తుంటే ఈ రోజే ఒక తూకం యంత్రం కొనండి. కప్పులో మైదా నొక్కి నింపితే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు. అమ్మే కేకు ప్రతిసారీ ఒకేలా రావాలి. ఓటీజీ లోపల పెట్టే థర్మామీటరు కూడా కొనండి. మీట మీద 180 అని ఉన్నా లోపల వేడి అంతే ఉంటుందన్న నమ్మకం లేదు.

బెల్లం కుండ (అనకాపల్లి)
మా పిల్లలకు గోధుమ పిండి, బెల్లంతోనే చేస్తాను, ఇప్పుడు స్కూలు టీచర్లు కొంటున్నారు. మైదా కొలతలతోనే గోధుమ పిండి వేస్తే కేకు పొడిబారుతుంది, ఎందుకంటే పొట్టు నీళ్లు పీల్చుకుంటుంది. కొద్దిగా పాలు ఎక్కువ పోయాలి. బెల్లాన్ని కొంచెం నీళ్లతో కరిగించి వడకట్టి, చల్లారాకే కలపండి. వడకట్టకపోతే ఇసుక పంటికి తగులుతుంది, ఆ ఒక్క రవ్వతో కొనేవాళ్ల నమ్మకం పోతుంది.

పాత బేకరీ
ఒక మాట కలుపుతాను. మా చిన్నప్పుడు సెలవుల్లో మైదా, చక్కెర, నెయ్యి డబ్బాల్లో పోసుకుని వీధి బేకరీకి వెళ్లేవాళ్లం. బేకరీ ఆయన కూలి తీసుకుని మా సరుకుతోనే బిస్కెట్లు కాల్చి, అవే డబ్బాల్లో నింపి ఇచ్చేవారు. ఇప్పుడు మన ఇళ్లలో ఓటీజీలున్నాయి కానీ అవి లేని ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాళ్ల నెయ్యి, వాళ్ల రాగిపిండి తీసుకుని కూలికి కాల్చి ఇచ్చే పద్ధతి మళ్లీ పెట్టవచ్చు. సరుకు మీద పెట్టుబడి ఉండదు.

గోదావరి గట్టు
ఇది చాలా బాగుంది. పసిపిల్లల తల్లులు తప్పకుండా వస్తారు.

లైసెన్సు లెక్కలు
అమ్మకం మొదలుపెట్టే ముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) దగ్గర నమోదు చేయించుకోండి, ఇంటి వంటగదికీ అది కావాలి. ఆ సంస్థ వెబ్‌సైటు ఫాస్కాస్ పోర్టల్‌లో మీరే దరఖాస్తు చేయవచ్చు, ఫొటో, గుర్తింపు కార్డు, చిరునామా పత్రం చాలు. నేను చేయించుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల అమ్మకాల లోపువారికి రుసుము ఏటా 100 రూపాయలే. దళారులు వేలల్లో అడుగుతారు, ఇవ్వకండి. ఇప్పటి రుసుము పోర్టల్‌లోనే చూసుకోండి. వచ్చే 14 అంకెల నంబరు డబ్బా మీద వేయాలి. ప్యాక్ చేసి అమ్మే సరుకులో గుడ్డు ఉంటే ఆకుపచ్చ చుక్క కాదు, మాంసాహార గుర్తయిన గోధుమరంగు త్రికోణమే వేయాలి.

గుడ్డు లేనిదని చెప్పి అమ్మేటప్పుడు గిన్నెలు, బీటర్ పుల్లలు వేరుగా పెట్టుకోండి. పూజ రోజున కొనేవాళ్లు మన మాట నమ్మి తింటున్నారు.

డాలస్ తెలుగింటి అమ్మాయి
ఇక్కడ టెక్సాస్‌లో ఇంటి వంటగదిలో చేసిన కేకులు, కుకీలు అమ్ముకోవడానికి కాటేజ్ ఫుడ్ చట్టం ఉంది. ఫుడ్ హ్యాండ్లర్ శిక్షణ, అంటే ఆహారాన్ని శుభ్రంగా, భద్రంగా తయారుచేసే శిక్షణ తీసుకోవాలి. గోధుమ, పాలు, గుడ్లు, గింజపప్పులు వంటి అలర్జీ పదార్థాలేమున్నా లేబుల్ మీద రాయాలి. అక్కడ అడిగినా అడగకపోయినా మీరు కూడా జీడిపప్పు, బాదం ఉంటే పెద్ద అక్షరాలతో రాయండి. ఒక పిల్లవాడికి వేరుశనగ పడదని ముందే తెలిస్తే చాలు, ఎంతో ప్రమాదం తప్పుతుంది.

వెన్నముద్ద (విజయవాడ)
క్రీమ్ సంగతి చెప్పడం మిగిలిపోయింది. మేలో మా ఊరి ఎండకు అసలైన వెన్నతో చేసిన బటర్‌క్రీమ్ నిలవదు, వెన్న 32 డిగ్రీల దగ్గరే జారడం మొదలవుతుంది. పాలు లేని విప్పింగ్ క్రీమ్ కొంత మెరుగు. డీప్ ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వండి, ఇంకా కాస్త మంచు రవ్వలు ఉండగానే ఐసు గిన్నెలో పెట్టి గిలకొట్టండి. కేకు ఉదయం తొమ్మిది లోపు లేదా చీకటి పడ్డాక అందించండి. ఏప్రిల్, మే నెలల్లో నేను మూడంతస్తుల కేకులు ఒప్పుకోను. ఎంత డబ్బిస్తామన్నా సరే.

ఖమ్మం వంటిల్లు
అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఎండలు తగ్గేదాకా పొడి బిస్కెట్లు, కూలికి కాల్చి ఇవ్వడం, పెరుగు కేకు, ఇంతే పెట్టుకుంటాను. కేకు మధ్యలో ఉండగా కరెంటు పోతే ఏం చేయాలి? ఇన్వర్టరు మీద ఓటీజీ నడుస్తుందా?

రొట్టెల పెట్టె (హైదరాబాద్)
మామూలు ఇంటి ఇన్వర్టరు మోయలేదు, ప్రయత్నించవద్దు. ఓటీజీని 16 యాంపియర్ల సాకెట్టుకే పెట్టండి, పొడిగింపు తీగలు వద్దు. కరెంటు పోతే తలుపు తీయకండి. పది నిమిషాల్లో వస్తే ఎంతసేపు పోయిందో అంతకన్నా కొంచెం ఎక్కువసేపు కాల్చండి. సగం ఉడకకముందే పోయి అరగంటైనా రాకపోతే ఆ కేకు అమ్మకానికి పనికిరాదు. అందుకే ఆర్డరు ఉన్న రోజుకు స్పాంజ్‌ను (క్రీమ్ వేయని కేకును) ముందు రాత్రే కాల్చి, చల్లారాక గట్టిగా చుట్టి ఉంచుతాను. మర్నాడు కోయడం కూడా తేలిక, పొడి రాలదు.